చిన్నపిల్లలతో మ్యాజిక్ కింగ్‌డమ్‌కు వెళ్తున్నారా? రోజును ఇలా నడపండి

ఓర్లాండో పక్కనున్న వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో నాలుగు పెద్ద పార్కులున్నాయి. వాటిలో అన్నిటికంటే ముందు, 1971 అక్టోబరు 1న తెరుచుకున్నది మ్యాజిక్ కింగ్‌డమ్. ఆరేడేళ్ల లోపు పిల్లలున్నవారు ఒక్క పార్కే చూడగలిగితే చూడవలసింది దీన్నే. చిన్నవాళ్లు ఎక్కగలిగే రైడ్లు మిగతా మూడింటిలో దేనిలోనూ ఇన్ని లేవు. జనం కూడా ఇక్కడే ఎక్కువ.

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలు పిల్లలను, వాళ్లను చూడడానికి ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ తాతయ్యలను వెంటబెట్టుకుని ఇక్కడికి వస్తుంటాయి. టికెట్లకు, హోటలుకు, విమానానికి పోసిన డబ్బు గుర్తుకొచ్చి పొద్దుటి నుంచి రాత్రి బాణసంచా దాకా పిల్లలను తిప్పుతూనే ఉంటారు. సాయంత్రం నాలుగింటికి పార్కులో ఏ మూల చూసినా ఏడ్చే పిల్లలు, వాళ్లమీద విసుక్కునే పెద్దలు. ఆ ఏడుపు మొండితనం కాదు. నిద్ర, ఆకలి, ఎండ, అంతే. ఈ మూడింటినీ ముందే లెక్కలోకి తీసుకుని రోజును అమర్చుకుంటే ఎంత జనంలోనైనా నిశ్చింతగా తిరగవచ్చు. అన్నీ చూడాలన్న పట్టుదల మాత్రం వదిలేయాలి. పెద్దవాళ్లే ఒక్క రోజులో అన్నీ చూడలేని చోటు అది.

ముందు తేదీ చూసుకోండి

సగం పని తేదీ ఎంచుకోవడంలోనే అయిపోతుంది. క్రిస్మస్ నుంచి నూతన సంవత్సరం దాకా ఉండే వారం, థ్యాంక్స్ గివింగ్ వారం, మార్చి మధ్య నుంచి ఈస్టరు దాకా బడులకు వసంత సెలవులు ఉండే రోజులు, ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే వారం: చిన్నపిల్లలున్నవారు వీటికి దూరంగా ఉండడమే మేలు. నవంబరు మొదట్లో ఇంకో వారం ఉంది. న్యూజెర్సీ ఉపాధ్యాయుల మహాసభ కోసం అక్కడి బడులకు గురు, శుక్రవారాలు సెలవు ఇస్తారు. ఆ రాష్ట్రం నుంచి కుటుంబాలకు కుటుంబాలే ఓర్లాండోకు దిగుతాయి; ఆ వారాన్ని అందరూ జెర్సీ వీక్ అనే పిలుస్తారు. న్యూజెర్సీలో మనవాళ్లు ఎక్కువ కాబట్టి వరుసలో మీ ముందు, వెనక తెలుగు మాటలు బాగానే వినిపిస్తాయి గానీ వరుస మాత్రం కదలదు. మీ పిల్లలు ఇంకా బడికి వెళ్లని వయసువాళ్లైతే ఆగస్టు చివర, సెప్టెంబరు, లేదా జనవరి రెండో సగం చూసుకోండి.

చాలామంది పట్టించుకోని సంగతి ఒకటి చెబుతాను. ఆగస్టు నుంచి అక్టోబరు చివరి దాకా కొన్ని రాత్రులు హాలోవీన్ వేడుక, నవంబరు, డిసెంబరుల్లో కొన్ని రాత్రులు క్రిస్మస్ వేడుక జరుగుతాయి. వాటికి వేరే టికెట్టు. ఆ రోజుల్లో మామూలు టికెట్టువాళ్లు సాయంత్రం ఆరింటికి బయటికి వచ్చేయాలి, రాత్రి బాణసంచా చూడడానికి ఉండదు. అందుకే చాలామంది ఆ తేదీలను తప్పిస్తారు, పగలు పార్కు పలచగా ఉంటుంది. రాత్రి ఎనిమిదింటికి నిద్రపోయే పిల్లలున్న ఇంటికి ఇంతకంటే మంచి రోజు దొరకదు. వేడుకల తేదీలు డిస్నీవారు ముందే ప్రకటిస్తారు. వాటిని చూసుకున్నాకే టికెట్లు కొనండి.

మూడేళ్లు నిండని పిల్లలకు టికెట్టు అక్కర్లేదు. మూడు నుంచి తొమ్మిదేళ్ల దాకా పిల్లల టికెట్టు, పదేళ్లు వస్తే పెద్దల టికెట్టే. టికెట్టు లేకుండా చూపించవచ్చని రెండేళ్ల బిడ్డ కోసం ప్రత్యేకంగా ప్రయాణం కట్టకండి. నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య వయసు దీనికి సరైనది. అప్పటికి బొమ్మల కథలు తెలుస్తాయి, చూసింది గుర్తుంటుంది, కాస్త నడవగలరు. పెద్దపిల్లకు ఆ వయసు వచ్చినప్పుడు చిన్నవాడిని చంకనెత్తుకు వెళ్తే ఇద్దరికీ సరిపోతుంది.

ఇంట్లోనే ఎత్తు కొలవండి

రైడ్లకు వయసుతో పనిలేదు, ఎత్తుతోనే పని. స్పీడ్‌వే కార్లలో పెద్దవాళ్ల పక్కన కూర్చోవడానికి 32 అంగుళాలు చాలు. బార్న్‌స్టార్మర్ అనే చిన్న రోలర్ కోస్టరుకు 35, సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రెయిన్‌కు 38, 2024లో తెరిచిన టియానాస్ బాయూ అడ్వెంచర్‌కు 40, స్పేస్ మౌంటెన్, ట్రాన్ అనే వేగమైన రోలర్ కోస్టర్లకు వరసగా 44, 48 అంగుళాలు ఉండాలి. రైడ్ వాకిట్లో కొలత కర్ర దగ్గర పిల్లను నిలబెట్టి చూస్తారు. బూట్లతోనే కొలుస్తారు కాబట్టి ఇంట్లోనూ ఆ రోజు వేసుకునే బూట్లతోనే కొలవండి. అర అంగుళం తక్కువైనా ఎక్కనివ్వరు, బతిమాలినా లాభం లేదు. పిల్ల మడమలెత్తి నిలబడి, మెడ సాగదీసి, అయినా కర్ర తలకు తగలక ముఖం చిన్నబుచ్చుకోవడం చూడలేం. అందనివాటి పేర్లు ఆ పిల్ల ముందు ఎత్తకుండా ఉంటే సరిపోతుంది.

ఎక్కగలిగేవాటిలోంచి పిల్లలనే మూడు ఎంచుకోమనండి. మూడే. అవి ఎలాగైనా ఎక్కించాలి. ఆపైన దొరికినవన్నీ లాభమే. ఎంచుకునే ముందు వాటి వీడియోలు చూపించండి. పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్ పడవ చీకట్లో వెళ్తూ ఒకచోట చటుక్కున కిందికి జారుతుంది. హాంటెడ్ మాన్షన్ పేరులోనే దయ్యాలున్నాయి. చీకటికి జడిసే పిల్లకు ఈ రెండూ వద్దు. డంబో ఏనుగులు, విన్నీ ద పూ, ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్ పడవలు, రంగులరాట్నం గుర్రాలు ఏ పసివాడికైనా నచ్చుతాయి.

తర్వాత ఫోనులో మై డిస్నీ ఎక్స్‌పీరియన్స్ యాప్ పెట్టుకుని ఇంటిల్లిపాది టికెట్లూ అందులో చేర్చండి. ఏ రైడ్‌కు ఎంతసేపు నిలబడాలో, ఊరేగింపు ఎప్పుడో, ఏ రైడ్ ఆగిపోయిందో అన్నీ అందులో కనిపిస్తాయి. వరుస తప్పించుకోవడానికి డబ్బు కట్టే ఏర్పాటు లైట్నింగ్ లేన్. దాని ధర రోజును బట్టి మారుతుంది. డిస్నీ హోటళ్లలో దిగినవారు ఏడు రోజుల ముందు, మిగతావారు మూడు రోజుల ముందు మూడు రైడ్లకు వేళలు తీసుకోవచ్చు. రద్దీ రోజున వెళ్లక తప్పకపోతే దీనికి ఖర్చు పెట్టడం తప్పేమీ కాదు. పీటర్ పాన్ లాంటి రైడ్‌కు గంటకు పైగా నిలబడే ఓపిక నాలుగేళ్ల పిల్లకు ఉండదు. ఇందాక చెప్పిన వేడుకల రోజైతే అక్కర్లేదు, ఆ డబ్బు మిగుల్చుకోండి.

సంచిలో ఏం పెట్టుకోవాలి

డిస్నీ పార్కుల్లోకి ఇంటి తిండి తీసుకువెళ్లవచ్చు. ఈ సంగతి తెలియక చాలామంది పిల్లలకు రోజంతా బంగాళదుంప వేపుళ్లే పెడతారు. గాజు సీసాలు, మద్యం, విడి ఐసు ముక్కలు పనికిరావు. చిన్న బిడ్డల తిండి సీసాలకు మినహాయింపు ఉంది. చల్లగా ఉంచుకోవడానికి గడ్డకట్టే జెల్ ప్యాకెట్లు వాడుకోవచ్చు.

మన తిండిలో ఈ ఎండకు నిలిచేది చింతపండు పులిహోర. ముందురోజు రాత్రి కలిపినా చెడదు, చల్లగా తిన్నా బాగుంటుంది. పిల్లలకు కారం తగలకుండా మిరపకాయలు తీసేసి, పల్లీలు గొంతుకు అడ్డం పడే వయసైతే అవీ ఏరేసి వేరే డబ్బాలో పెట్టండి. పెరుగన్నం తీసుకువెళ్లాలనుకుంటే మెత్తగా వండిన అన్నంలో పాలు ఎక్కువ పోసి, పెరుగు ఒక్క చెంచాడే కలపండి. మధ్యాహ్నానికి తోడుకుని తియ్యగా ఉంటుంది గానీ పులవదు. దాన్ని మాత్రం జెల్ ప్యాకెట్ల పక్కనే ఉంచి, ఒంటిగంటలోపు తినిపించేయాలి. జంతికలు, అరటిపళ్లు, నెయ్యి పంచదార రాసి చుట్టిన చపాతీలు వరుసల్లో నిలబడినప్పుడు చేతికి అందేలా పైఅరలో పెట్టుకోండి. ఆకలేసిందని పిల్ల అనేదాకా ఆగకండి. గంటన్నరకోసారి ఏదో ఒకటి నోట్లో పడుతుండాలి. మంచినీళ్లు కొనక్కర్లేదు, తిండి కౌంటర్లలో అడిగితే చల్లటి నీళ్లు గ్లాసులో ఉచితంగా ఇస్తారు.

ఇక స్ట్రోలర్, అంటే పిల్లలను కూర్చోబెట్టి తోసే బండి. అయిదేళ్ల పిల్ల ఇంటి దగ్గర ఎంత చక్కగా నడిచినా ఇక్కడ స్ట్రోలర్ ఉండాల్సిందే. ఈ పార్కులో రోజంతా తిరిగితే ఎనిమిది, పది కిలోమీటర్లు నడిచినట్టే. లోపల అద్దెకు దొరికేవి గట్టి ప్లాస్టిక్‌వి, చంటిబిడ్డలకు పనికిరావు. పైగా వాటిని పార్కు దాటించకూడదు, కారు దాకా నిద్రపోయిన పిల్లను మోసుకు రావాలి. మీదే తెచ్చుకోండి. 31 అంగుళాల వెడల్పు, 52 అంగుళాల పొడవు దాటకూడదు. రైడ్ల బయట వందల కొద్దీ స్ట్రోలర్లు ఒకేలా నిలబడి ఉంటాయి, సిబ్బంది వాటిని అటూ ఇటూ జరుపుతుంటారు కూడా. పిడికి పాత చున్నీ ముక్క, కొట్టొచ్చినట్టు కనబడే రంగుది, గట్టిగా కట్టండి. డబ్బు, పాస్‌పోర్టులు అందులో వదలకండి.

పొద్దుటి మూడు గంటలు మీవి

పార్కు తెరిచే వేళకు గంట ముందు గేటు దగ్గర ఉండాలి. గేటు దగ్గర అంటే కారు ఆపిన చోట కాదు. కారు టికెట్ సెంటర్ దగ్గర ఆపి, అక్కడి నుంచి సరస్సు మీదుగా ఫెర్రీలోనో, మోనోరైలులోనో పార్కుకు చేరాలి. కారు దిగిన దగ్గర్నుంచి లోపలికి అడుగుపెట్టేదాకా, సంచుల తనిఖీతో కలిపి, ముప్పావు గంటకు తక్కువ అనుకోకండి. డిస్నీ హోటళ్లలో దిగినవారికి ఈ తిప్పలు లేవు, వాళ్ల బస్సులు నేరుగా గేటు ముందే దింపుతాయి. అందరికంటే అరగంట ముందు లోపలికి వెళ్లే వీలూ వాళ్లకుంది. పార్కింగులో దిగగానే అక్కడి బోర్డు మీద ఉన్న బొమ్మ పేరు, వరుస సంఖ్య ఫొటో తీసుకోండి.

లోపలికి వెళ్లగానే మెయిన్ స్ట్రీట్ దుకాణాలు, ఎదురుగా కోట. అక్కడ ఫొటోల కోసం ఆగకండి. దుకాణాలు మధ్యాహ్నమూ ఉంటాయి. చిన్నపిల్లల రైడ్లు ఎక్కువగా ఉండే భాగం ఫాంటసీల్యాండ్, అక్కడ వరుసలు లేకపోవడం మాత్రం మధ్యాహ్నం ఉండదు. పిల్ల 38 అంగుళాలు దాటి ఉంటే నేరుగా సెవెన్ డ్వార్ఫ్స్ దగ్గరికి, లేకపోతే పీటర్ పాన్ దగ్గరికి వెళ్లండి. తర్వాత విన్నీ ద పూ, డంబో. స్మాల్ వరల్డ్, రంగులరాట్నం చివరికి పెట్టుకోవచ్చు, వాటి వరుసలు ఎప్పుడూ గబగబా కదులుతాయి. తెరిచిన మొదటి మూడు గంటల్లో ఎక్కినన్ని రైడ్లు ఆ తర్వాత ఆరు గంటల్లోనూ ఎక్కలేరు.

ప్రతి వరుసలో చేరేముందు పిల్లలను బాత్రూముకు తీసుకువెళ్లండి, అవసరం లేదని వాళ్లు ఎంత చెప్పినా సరే. సగం దూరం వెళ్లాక బయటికి రావడం ఎంత కష్టమో, అందరినీ తోసుకుంటూ మళ్లీ లోపలికి వెళ్లడం అంతకంటే కష్టం.

ఇద్దరు పెద్దవాళ్లు, ఎత్తు సరిపోని ఒక చిన్నపిల్ల ఉన్నప్పుడు రైడర్ స్విచ్ అనే సదుపాయం అడగండి. దీనికి డబ్బు కట్టక్కర్లేదు. రైడ్ వాకిట్లో సిబ్బందికి పిల్లను చూపించి అడిగితే టికెట్లు స్కాన్ చేస్తారు. నాన్న వరుసలో నిలబడి ఎక్కి వస్తాడు, అమ్మ పిల్లతో బయట ఉంటుంది. ఆయన వచ్చాక ఆమె పెద్ద వరుసలో నిలబడకుండా దగ్గరిదారిలో వెళ్లిపోతుంది. ఎక్కే ఎత్తున్న పెద్దపిల్ల ఉంటే సాధారణంగా ఆ పిల్లకు రెండుసార్లు ఎక్కే అదృష్టం. ఇది ముందే తెలియకపోతే ఎవరో ఒకరు రోజంతా స్ట్రోలర్‌కు కాపలా కాయాల్సి వస్తుంది, ఆ ఒకరు ఎక్కువగా అమ్మే అవుతుంది.

మధ్యాహ్నాన్ని వదులుకోండి

పన్నెండున్నర, ఒంటిగంట అయ్యేసరికి తిండి పెట్టేసి బయటికి వచ్చేయడం నా మాటల్లో ముఖ్యమైనది, ఎవరూ వినడానికి ఇష్టపడనిదీ కూడా. హోటలుకు వెళ్లి రెండు గంటలు నిద్రపోనిచ్చి, నాలుగున్నరకో అయిదుకో తిరిగి రండి. అదే టికెట్టు మీద అదే రోజు మళ్లీ లోపలికి రానిస్తారు. ఆ మధ్యలో మీరు పోగొట్టుకునేదల్లా మండే ఎండ, గంట పొడవు వరుసలు.

హోటలు దూరమైతే లోపలే నీడ వెతుక్కోవాలి. పార్కులోని టుమారోల్యాండ్ అనే భాగంలో పీపుల్‌మూవర్ అని నెమ్మదిగా సాగే బండి ఉంది. పైనుంచి గాలి తగులుతూ తిరుగుతుంది, చాలామంది పిల్లలు అందులోనే నిద్రపోతారు. పక్కనే ఉన్న కారౌసెల్ ఆఫ్ ప్రోగ్రెస్ ఏసీ హాలు, ఇరవై నిమిషాల ప్రదర్శన. అమ్మమ్మకు కూడా నడుం వాల్చినట్టుంటుంది. చంటిబిడ్డ ఉంటే మెయిన్ స్ట్రీట్ చివర క్రిస్టల్ ప్యాలెస్ పక్కనున్న బేబీ కేర్ సెంటర్ గుర్తుపెట్టుకోండి. పాలిచ్చేందుకు విడి గదులు, డైపర్లు మార్చే బల్లలు, బిడ్డ తిండి వేడిచేసుకునే మైక్రోవేవ్, ఎత్తు కుర్చీలు అక్కడున్నాయి. జనం మధ్య, ఎండలో బిడ్డకు పాలివ్వాలని తంటాలు పడనక్కర్లేదు.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నం వాన ఇంచుమించు రోజూ ఉంటుంది. ఉరుములు మొదలైతే ఆరుబయట రైడ్లు ఆపేస్తారు. గొడుగు కంటే తలమీదుగా వేసుకునే ప్లాస్టిక్ కోటు మంచిది, స్ట్రోలర్‌కూ ఒకటి కప్పండి. వాన చూసి చాలామంది ఇళ్లకు బయల్దేరతారు. అది వెలిసిన గంట బంగారం లాంటిది.

పెద్దవాళ్లు వెంట ఉంటే

అమ్మమ్మ, తాతయ్య మనవలతో ఉండాలని వస్తారే తప్ప పార్కు కోసం కాదు. మొహమాటపడి కాళ్లు నొప్పులని చెప్పరు. ముందుగానే చక్రాల కుర్చీ తీసుకోండి, గేటు దగ్గర అద్దెకిస్తారు, అయిపోతే ఇక దొరకవు కాబట్టి పొద్దున్నే అడగాలి. చెప్పులు కాకుండా బూట్లు తొడిగించండి. చీర కట్టుకున్నవారు రైడ్ ఎక్కేముందు పైట చెంగు నడుముకు దోపుకోవాలి, ఎక్కడా వేలాడకూడదు. రక్తపోటు, మధుమేహం మందులు కారులో కాదు, వాళ్ల చేతిసంచిలో ఉండాలి. ఊరేగింపు సాధారణంగా మధ్యాహ్నం రెండుసార్లు ఉంటుంది. అరగంట ముందే పెద్దవాళ్లను నీడపట్టున కూర్చోబెడితే పిల్లలకూ చోటు దొరుకుతుంది. వాళ్లకు పిల్లలను అప్పగించి మీరు దూరంగా వెళ్లాల్సివస్తే, వాళ్ల ఫోను అక్కడ పనిచేస్తోందో లేదో ముందు చూసుకోండి.

పిల్ల తప్పిపోతే

పొద్దున్న గేటు దగ్గర పిల్లలకు నిలువెత్తు ఫొటో తీయండి, ఆ రోజు బట్టలు, బూట్లు కనబడేలా. చొక్కా లోపలివైపు చెరగని ఇంకుతో మీ ఫోను నంబరు రాయండి. మన పిల్లలను మీ నాన్న పేరేమిటని ఎవరైనా అడిగితే నాన్నే అంటారు. మీ పూర్తి పేర్లు వాళ్ల చేత వల్లె వేయించండి. పార్కు సిబ్బంది అందరూ చొక్కాకు పేరు పలక పెట్టుకుంటారు, దానిమీద వాళ్ల ఊరి పేరు కూడా ఉంటుంది. లోపలికి వెళ్లగానే అలాంటి పలక ఒకటి దగ్గరగా చూపించి, “మేం కనబడకపోతే ఎక్కడికీ వెళ్లకు, ఇది పెట్టుకున్నవాళ్లకు చెప్పు” అని రెండుసార్లు చెప్పండి.

కనబడలేదని తెలిసిన క్షణమే దగ్గర్లో ఉన్న సిబ్బందికి చెప్పండి, మీరే వెతుకుదామని పది నిమిషాలు పోగొట్టకండి. పేరు పెట్టి పిలవడంతో పాటు “ఎర్ర చొక్కా, నాలుగేళ్ల బాబు” అని గుర్తులు గట్టిగా ఇంగ్లీషులో చెబితే చుట్టూ ఉన్న జనమంతా మీ కోసం చూస్తారు. ఒకరు అక్కడే నిలబడి ఉండాలి. తప్పిపోయిన పిల్లలను బేబీ కేర్ సెంటర్‌కు చేరుస్తారు కాబట్టి రెండోవారు అక్కడికి వెళ్లాలి.

బాణసంచా, తిరుగు ప్రయాణం

రాత్రి కోట మీద బాణసంచా నిజంగా చూడదగ్గదే. అయితే చప్పుడు చాలా ఎక్కువ, కోట ముందు జనం ఒకరికొకరు ఆనుకుని నిలబడతారు. అయిదేళ్ల లోపు పిల్లకు అక్కడ కనిపించేవి పెద్దవాళ్ల వీపులే. చెవులకు పెట్టే మఫ్లు తెచ్చుకుని, మెయిన్ స్ట్రీట్‌లో వెనకగా, గేటు దగ్గర్లో నిలబడండి. పిల్ల కళ్లు మూతలు పడుతుంటే బాణసంచా మానేసి బయల్దేరండి, ఏమీ తక్కువ కాదు. అది అయ్యాక ఒక్కసారిగా అందరూ బయటికి కదులుతారు. మీరు ఉండిపోతే ఆ తోపులో పడకుండా దుకాణాల్లో అరగంట గడిపి వెళ్లండి. తిరుగు దారిలో ఫెర్రీ ఎక్కండి. బస్సులో, పార్కింగ్ ట్రామ్‌లో స్ట్రోలర్ మడవాలి. ఫెర్రీలో నిద్రపోయిన పిల్లతో సహా అలాగే తోసుకుంటూ ఎక్కవచ్చు.

మర్నాటికి ఇంకో పార్కు టికెట్టు తీసుకోకండి, తెల్లవారుజామున విమానమూ పెట్టుకోకండి. హోటలు ఈతకొలను చాలు. పిల్లలు పదింటికి లేచి, ఏది బాగుందో, ఏది భయం వేసిందో చెప్పుకుంటూ ఇడ్లీ తింటారు.